డిగ్రీ మొదటి ఏడాది కెమిస్ట్రీకి ఏ పుస్తకం కొనాలి?

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి బీఎస్సీలో ఇంగ్లిష్ మీడియంకి వచ్చానని, కాలేజీలో రాయించిన ఐదారు పుస్తకాలు కొనే స్తోమత లేదని, సీనియర్లేమో గైడు చాలంటున్నారని మీరు రాశారు. కొంటే ఒక్కటే కొనగలను, ఏది కొనాలి అని అడిగారు. నేను డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. అడ్మిషన్లు అవ్వగానే ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. వాళ్లకి చెప్పేదే మీకూ చెబుతున్నాను.

ముందు డబ్బు పెట్టకండి. ఓపెన్‌స్టాక్స్ వాళ్ల ‘కెమిస్ట్రీ’ రెండో ఎడిషన్ డౌన్‌లోడ్ చేసుకోండి. అమెరికాలో రైస్ యూనివర్సిటీ నడిపే సంస్థ అది. 2019లో వచ్చిన ఈ పుస్తకాన్ని వాళ్లే ఉచితంగా ఇస్తున్నారు కాబట్టి దొంగ కాపీ అన్న బెంగ అక్కర్లేదు. ఇంగ్లిష్ తేలిగ్గా ఉంటుంది, వాక్యాలు చిన్నవి, ప్రతి లెక్కా మెట్టు మెట్టుగా చేసి చూపిస్తారు. బైపీసీ నుంచి వచ్చి లెక్కలంటే భయపడేవాళ్లు కూడా ఈ పుస్తకంతో కుదురుకోవడం చూశాను.

అయితే ఒక విషయం తెలుసుకుని మొదలుపెట్టండి. అమెరికాలో జనరల్ కెమిస్ట్రీ అంటే సైన్సు, ఇంజనీరింగ్ పిల్లలందరికీ కలిపి మొదటి ఏడాది చెప్పే పునాది కోర్సు. మన దగ్గర ఇనార్గానిక్, ఆర్గానిక్, ఫిజికల్ అని మొదటి నుంచే విడదీస్తారు. అందుకే ఇందులో ఆర్గానిక్‌కి ఒక్క చాప్టరే ఉంది. మీ సిలబస్ మొత్తం దొరకదు. మోల్, బంధాలు, సమతాస్థితి, థర్మోడైనమిక్స్, చర్యల రేట్లు వంటి వాటిలో ఇంటర్‌లో బట్టీ పట్టి దాటేసినవి మాత్రం గట్టిపడతాయి. అవి గట్టిపడకపోతే మిగతా ఏ పుస్తకం కొన్నా అలమారలోనే ఉంటుంది.

కొనేటప్పుడు ఎవరో చెప్పారని కొనకండి, నేను చెప్పానని కూడా కొనకండి. కాలేజీ లైబ్రరీలో మూడు పుస్తకాలు బల్ల మీద పెట్టుకుని మూడింట్లోనూ ఒకే విషయం తీసి చదవండి. నేను పిల్లల చేత చదివించేది అయనీకరణ శక్తి, అంటే పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాగెయ్యడానికి కావలసిన శక్తి. ఆవర్తన పట్టిక రెండో పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ అది పెరగాలి కదా. నైట్రోజన్‌కి మోల్‌కి 1402 కిలోజౌళ్లు, పక్కనున్న ఆక్సిజన్‌కి 1314. ఎందుకు తగ్గింది? ‘సగం నిండిన ఆర్బిటాళ్లకు స్థిరత్వం ఎక్కువ’ అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. నైట్రోజన్‌లో మూడు 2పీ ఎలక్ట్రాన్లు మూడు ఆర్బిటాళ్లలో విడివిడిగా ఉంటాయి, ఆక్సిజన్‌లో నాలుగోది వాటిలో ఒకదానితో జత కట్టక తప్పదు, ఆ రెండింటి మధ్య వికర్షణ వల్ల ఒకదాన్ని లాగెయ్యడం తేలికవుతుంది అని చెప్పిందా, అది చదవదగ్గ పుస్తకం. బెరీలియం 899, బోరాన్ 801 అని అక్కడి తగ్గుదల కూడా చూపించి, దానికి కారణం వేరని, బోరాన్ నుంచి పోయే ఎలక్ట్రాన్ 2ఎస్‌ది కాదు 2పీది అని విడమరిచిందంటే ఇంక వెతకక్కర్లేదు.

తర్వాత చేసి చూపించిన లెక్కలు చూడండి. అమ్మోనియా తయారీనే తీసుకోండి. ఎంథాల్పీ మార్పు −92.2 కిలోజౌళ్లు, ఎంట్రోపీ మార్పు కెల్విన్‌కి −198.7 జౌళ్లు, ఉష్ణోగ్రత 298 కెల్విన్. ఎంథాల్పీ మార్పులోంచి ఉష్ణోగ్రత, ఎంట్రోపీ మార్పుల లబ్ధం తీసివేస్తే వచ్చే గిబ్స్ శక్తి మార్పు ఎంత? అది మైనస్‌లో ఉంటేనే చర్య దానంతటది జరుగుతుంది. ఒకటి కిలోజౌళ్లలో, ఇంకోటి జౌళ్లలో ఉందని గమనించకుండా తీసివేసేవాళ్లు ప్రతి పరీక్షలోనూ కనిపిస్తారు. 59,000 పైచిలుకు ప్లస్‌లో వస్తుంది, చర్య జరగదని రాసేస్తారు. అసలు జవాబు −33 కిలోజౌళ్లు. ప్రతి వరుసలోనూ అంకె పక్కన యూనిట్ రాసే పుస్తకం చదివినవాళ్లకి ఇది చేతికే అలవాటైపోతుంది. కొందరు రచయితలు చివరి జవాబుకి మాత్రమే యూనిట్ తగిలిస్తారు, అలాంటిది వద్దు.

ఇక భాష సంగతి. తెలుగు అకాడమీ పుస్తకాలు చిన్నచూపు చూడకండి. ఇంగ్లిష్‌లో ఒక పేజీ రెండుసార్లు చదివినా ఎక్కకపోతే అదే అంశం తెలుగులో చదివి మళ్లీ ఇంగ్లిష్ పేజీకి రండి. మొదటి సెమిస్టర్ నెమ్మదిగా సాగుతుంది, టెన్షన్ పడకండి. రెండో సెమిస్టర్‌కి చాలామందికి తెలుగు పుస్తకం తియ్యాల్సిన పని తగ్గిపోతుంది. గైడు పరీక్షల ముందు ప్రశ్నలు ఎలా వస్తాయో చూసుకోవడానికి పనికొస్తుంది. దాంట్లోనే చదువు మొదలుపెడితే మాత్రం పీజీ ఎంట్రన్స్‌లో ప్రశ్న కాస్త తిప్పి అడగ్గానే చెయ్యి ఆగిపోతుంది. తెలివైన పిల్లలు అలా ఆగిపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

రెండో ఏడాదికి ఒకటి కొనగలిగితే, మీరు ఏ భాగంలో వెనకబడ్డారో దానికి కొనండి. ఫిజికల్‌కి పూరి, శర్మ, పఠానియా రాసింది మన సిలబస్‌కి దగ్గరగా ఉంటుంది. అట్కిన్స్ గొప్ప పుస్తకమే, కానీ క్యాలిక్యులస్ చేతిలో ఉంటేనే నడుస్తుంది. లెక్కలు లేని బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) వాళ్లు దానికి తొందరపడొద్దు. ఆర్గానిక్‌కి మోరిసన్, బాయిడ్. ఇనార్గానిక్‌కి జేడీ లీ. జేఈఈ కోసం మార్చి వేసినది కూడా షాపుల్లో ఉంటుంది, డిగ్రీకి అసలుదే అడిగి తీసుకోండి.

పాత పుస్తకాలకి మొహమాటపడకండి. హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌లు, కోఠి షాపులు తిరిగితే ఇవి కనబడుతుంటాయి. పాత ఎడిషన్‌లో రెండు చోట్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే చాలు. మోల్‌ని 12 గ్రాముల కార్బన్-12తో నిర్వచించి ఉంటే, 2019 మే 20 నుంచి అది సరిగ్గా 6.02214076 × 10²³ కణాలని పక్కన రాసుకోండి. ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర పీడనం 1 అట్మాస్ఫియర్ అని తీసుకున్నారో 1 బార్ అని తీసుకున్నారో చూడండి. మొదటిదైతే మోల్ వాయువు ఘనపరిమాణం 22.4 లీటర్లు, రెండోదైతే 22.7. మీ యూనివర్సిటీ పేపర్లలో ఏది వాడుతున్నారో పాత ప్రశ్నపత్రాలు తిరగేసి ఇప్పుడే చూసి పెట్టుకోండి.