సెంట్రల్‌లో దిగి ఎగ్మోర్‌లో ఎక్కాలంటే గంటన్నర చాలా?

ఆంధ్రా సరిహద్దులో ఉన్న తడ దాటామంటే మనమూ ఒకరకం ఎన్నారైలమే. చెన్నైలో కొత్తగా ఇల్లు తీసుకున్న తెలుగువాళ్ళు మొదటి ఏడాదిలోనే అడిగే ప్రశ్న ఇది. ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగంలో చేరిన ఒకబ్బాయి మొన్న అడిగాడు: "అంకుల్, అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. రామేశ్వరం వెళ్దామంటున్నారు. సెంట్రల్‌లో దిగాక ఎగ్మోర్ బండికి గంటన్నర ఉంది. సరిపోతుంది కదా?"

మ్యాపులో చూస్తే అరగంట కూడా ఎక్కువే. రెండు స్టేషన్ల మధ్య రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. మెట్రో గ్రీన్ లైన్‌లో సెంట్రల్ తర్వాత ఎగ్మోరే. లోకల్ రైల్లో వెళ్ళాలన్నా సెంట్రల్ ఎదురుగా సబ్‌వే దాటి పార్క్ స్టేషన్‌కి వెళ్తే మళ్ళీ ఒక్క స్టేషనే. ఇక్కడ ఒక మాట. పార్క్ వేరు, పార్క్ టౌన్ వేరు. పార్క్ టౌన్‌లో ఎక్కితే వేళచ్చేరి వైపు పోతారు. తాంబరం లోకల్ పార్క్‌లో దొరుకుతుంది.

కానీ టైమంతా తినేసేది ఆ రెండు కిలోమీటర్లు కాదు. గూడూరు దాటి బ్రహ్మాండంగా పరిగెత్తుకొచ్చిన బండి బేసిన్ బ్రిడ్జి దగ్గర ప్లాట్‌ఫారం ఖాళీ లేక ఆగిపోతుంది. జనం సామాన్లు దించుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటారు, బండి కదలదు. దీనికి పూర్తిగా తిరగబడే సంగతి కూడా ఉంది. చివరి స్టేషన్‌కి ముందు టైమ్‌టేబుల్లో కాస్త సమయం మిగిల్చి రాస్తారు కాబట్టి, నెల్లూరులో అరగంట లేటున్న బండి సెంట్రల్‌కి టైమ్‌కే రావడమూ మామూలే. అందుకని టికెట్ మీద రాసిన టైమ్‌ని నమ్ముకోకండి. రైల్వేవాళ్ళ ఎన్‌టీఈఎస్‌ యాప్‌లోనో, వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్‌లోనో ఆ బండి గత వారం రోజులుగా నిజంగా ఎన్నింటికి చేరిందో చూడండి. సగటు అక్కర్లేదు, అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన రోజు ఏదో అది చూసి లెక్క వేసుకోండి.

పెద్దవాళ్ళతో అయితే ఇంకో లెక్క. సెంట్రల్ చివరి స్టేషన్ కనక మెట్లెక్కే పని లేకుండా ప్లాట్‌ఫారం మీదుగా నేరుగా బయటికి వచ్చేయొచ్చు, కాకపోతే వెనక పెట్టెలో కూర్చున్నవాళ్ళు బండి పొడుగునా నడవాలి. ఎగ్మోర్ అలా కాదు. మీ బండి అవతలి ప్లాట్‌ఫారంలో ఉంటే వంతెన ఎక్కి దిగాలి. స్టేషన్‌ని కొత్తగా కట్టే పనుల వల్ల కొన్నాళ్ళు కొన్ని బండ్లని తాంబరం నుంచే బయల్దేరదీశారు కూడా. బయల్దేరే ముందు రోజు ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లు ఓసారి చదువుకోండి.

ఇక అసలు విషయం. గంటన్నరా, రెండు గంటలా అని వాదించుకోవడం నాకు దండగ అనిపిస్తుంది. ఆ బండి తప్పితే తర్వాతి బండి ఏది? అది అడగండి. మదురైకో, తిరుచ్చికో అయితే ఎగ్మోర్ నుంచి రోజంతా ఏదో ఒకటి ఉంటుంది, రిజర్వేషన్ సంగతి తర్వాత. రామేశ్వరానికి బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే, సెలవుల్లో ఆఖరి నిమిషంలో బెర్తు దొరకదు. కాబట్టి మదురైకి గంటన్నర గ్యాప్ పెట్టుకుంటే నేనేమీ అనను. రామేశ్వరానికి మాత్రం వద్దంటాను. బండి తప్పిపోయి ఇంకేమీ దొరక్కపోతే కిళాంబాక్కం వెళ్ళి మదురై బస్సెక్కొచ్చు. దక్షిణాది బస్సులు ఇప్పుడు కోయంబేడు నుంచి కాదు, వండలూరు దగ్గరున్న ఆ కొత్త బస్టాండ్ నుంచి. సెంట్రల్ నుంచి అక్కడికి చేరడమే ఒక ప్రయాణం, అదీ లెక్కలో వేసుకోండి.

"పీఎన్ఆర్‌లు లింక్ చేస్తే వాళ్ళే చూసుకుంటారట కదా" అని అడుగుతారు. 2019 ఏప్రిల్ నుంచి ఆ సౌకర్యం ఉన్న మాట నిజమే. రెండు టికెట్లలోనూ అవే పేర్లుండాలి. మొదటి బండి లేటై రెండోది తప్పితే, ప్రయాణం చెయ్యని భాగానికి క్యాన్సిలేషన్ ఛార్జీ కోయకుండా డబ్బు వెనక్కిస్తారు. మొదటి బండి చేరిన మూడు గంటల్లోపు ఆన్‌లైన్ టికెట్‌కి టీడీఆర్ (డబ్బు వెనక్కి కోరే దరఖాస్తు) వెయ్యాలి, కౌంటర్ టికెట్ అయితే స్టేషన్‌లో సరెండర్ చెయ్యాలి. అంతవరకే. తర్వాతి బండిలో బెర్తు ఎవరూ ఇవ్వరు. లింక్ చేసుకోండి, ఖర్చేం లేదు, కానీ అది చూసుకుని ధైర్యం తెచ్చుకోవద్దు.

మొదటి టికెట్ వెయిటింగ్ లిస్టులో ఉండగా రెండోది కన్ఫర్మ్ అయిందని సంబరపడేవాళ్ళని చూస్తుంటాను. చార్టు తయారయ్యాక వెయిటింగ్‌లోనే ఉండిపోయిన ఈ-టికెట్ దానంతటదే రద్దవుతుంది. రెండోది మాత్రం మీ నెత్తిన ఉంటుంది, దాన్ని మీరే క్యాన్సిల్ చేసి ఛార్జీ కట్టుకోవాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 120 కాదు. ఊళ్ళోవాళ్ళకి ఇది ఇంకా అలవాటు కాలేదు, మీరే గుర్తుచెయ్యండి.

ఆ అబ్బాయికి నేను చెప్పింది వేరే దారి. కాకినాడ నుంచి వచ్చే సర్కార్ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో ఆగుతుంది, సెంట్రల్‌కి పోకుండా ఎగ్మోర్ మీదుగా తాంబరం దాటి చెంగల్పట్టు వైపు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి అయితే చార్మినార్ కూడా అంతే, ఎగ్మోర్ మీదుగా తాంబరం. స్టేషన్ మారే గొడవే ఉండదు. పొద్దున్నే దింపుకుని ఇంటికి తీసుకెళ్తే అమ్మానాన్న స్నానం చేసి, భోంచేసి, కాసేపు నడుం వాలుస్తారు. సాయంత్రం బండెక్కించొచ్చు. కొడుకు ఇల్లు చూసినట్టూ ఉంటుంది.

కోయంబత్తూరుకో, కేరళకో వెళ్ళేవాళ్ళయితే అసలు చెన్నై దాకా ఎందుకు? సికింద్రాబాద్ నుంచి వచ్చే శబరి గుంటూరు, నెల్లూరు, తిరుపతి మీదుగా కాట్పాడికి వెళ్ళిపోతుంది, చెన్నై ముఖం చూడదు. బండి మారాలన్నా కాట్పాడిలో మారితే ఊరు దాటే పని లేదు. ఉత్తరాది నుంచి కేరళ వెళ్ళే కొన్ని బండ్లు సెంట్రల్‌కి రాకుండా పెరంబూర్‌లో ఆగి పోతాయి. టికెట్ మీద పెరంబూర్ అని ఉంటే సెంట్రల్ పక్కనే ఉన్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే లోకల్ స్టేషన్‌లో ఆవడి వైపు బండి ఎక్కండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే ఈ లెక్కలేవీ పనిచెయ్యవు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్‌పాడి మధ్య వంతెన దగ్గర నీళ్ళొచ్చి సెంట్రల్ బండ్లు చాలా రద్దయ్యాయి. ఆ నెలల్లో రామేశ్వరం పెట్టుకుంటే నడుమ ఒక రాత్రి చెన్నైలో ఉండేలా టికెట్లు తీసుకోండి.

ఇంకొకటి, మీ ఇల్లూ ఆ అబ్బాయిలా ఓఎంఆర్ వైపు అయితే సాయంత్రం ట్రాఫిక్‌లో వాళ్ళని మళ్ళీ ఎగ్మోర్ దాకా తిప్పకండి. మీ బండి తాంబరంలో ఆగుతుందో లేదో చూసుకుని, చార్టు పడకముందే ఐఆర్‌సీటీసీలో బోర్డింగ్ పాయింట్ తాంబరానికి మార్చుకోండి. మార్చకుండా అక్కడ ఎక్కితే, ఎగ్మోర్‌లో మీరు రాలేదని టీటీఈ ఆ బెర్తు ఇంకొకరికి ఇచ్చేసి ఉంటే అడగడానికి మీకు హక్కుండదు.