రూట్ లేకుండా మెషీన్ మోడల్, బయోస్ వెర్షన్ చదవొచ్చు, సీరియల్ నంబర్‌తోనే చిక్కు

మీరు అడిగింది ఇది: ఆఫీసులోని లినక్స్ మెషీన్ల మోడల్, బయోస్ వెర్షన్, సీరియల్ నంబర్ ఒక స్క్రిప్ట్‌తో సేకరించాలి, రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ మీ చేతిలో లేదు, హార్డ్‌వేర్ వివరాలు చూపించే డీఎంఐడీకోడ్ కమాండ్ నడిపితే పర్మిషన్ లేదంటోంది. మొదటి రెండింటికీ రూట్ అక్కర్లేదు. సీరియల్ నంబర్‌కి కావాలి.

/సిస్/క్లాస్/డీఎంఐ/ఐడీ డైరెక్టరీలోకి వెళ్లి ఎల్ఎస్ కొట్టండి. తయారీదారు పేరు, ప్రొడక్ట్ పేరు, బోర్డు పేరు, బయోస్ వెర్షన్, బయోస్ తేదీ... ఒక్కోదానికి ఒక్కో ఫైలు ఉంటుంది. క్యాట్ కమాండ్‌తో చదివితే చాలు. ఇవి డిస్క్ మీద ఉన్న ఫైళ్లు కావు. లోపల పది అక్షరాలే ఉన్నా సైజు 4096 అని కనిపిస్తుంది. మీరు చదివినప్పుడే కెర్నల్ (లినక్స్‌లోని మూల భాగం) తన దగ్గరున్న విలువను తీసి ఇస్తుంది.

ఆ విలువ కెర్నల్‌కి ఎక్కడిదన్నదే ఇక్కడ అసలు సంగతి. మెషీన్ ఆన్ అవగానే ఫర్మ్‌వేర్ (బోర్డు మీదే ఉండి అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్, బయోస్ అలాంటిదే) మెమరీలో ఎస్ఎంబయోస్ అనే హార్డ్‌వేర్ వివరాల టేబుల్ పెడుతుంది. పాత బయోస్ మెషీన్లలో కెర్నల్ దాని ఆనవాలును మొదటి మెగాబైట్‌లోని చివరి 64 కిలోబైట్లలో వెతుకుతుంది. బయోస్ బదులు కొత్త మెషీన్లలో వచ్చే యూఈఎఫ్ఐ అయితే ఎక్కడుందో ఫర్మ్‌వేరే చెబుతుంది. టేబుల్‌లో టైప్ 0 బయోస్, 1 సిస్టమ్, 2 మదర్‌బోర్డు, 17 ర్యామ్. కెర్నల్ చిప్‌లను పరీక్షించి ఈ పేర్లు కనుక్కోవడం లేదు. ఫర్మ్‌వేర్ ఏం రాసిందో అదే మనకు చూపిస్తోంది.

ఇది నేను బాగా ఇబ్బంది పడ్డాకే తెలుసుకున్నాను. మా కాలేజీ ల్యాబ్‌లో 60 మెషీన్లు ఉండేవి, ఎక్కువ భాగం అసెంబుల్ చేయించినవే. బోర్డు సీరియల్ నంబర్‌ని కీగా (ఒక్కో మెషీన్‌ని గుర్తించే విలువగా) పెట్టి లిస్టు తయారు చేసే స్క్రిప్ట్ రాశాను. మర్నాడు చూస్తే 60 మెషీన్లకు నాలుగే వరసలు వచ్చాయి. స్టాక్ రిజిస్టర్ ఇవ్వాల్సిన రోజు దగ్గర పడుతోంది, ఒకటే టెన్షన్. తప్పు నా కోడ్‌లోనే ఉందనుకుని సాయంత్రం దాకా అదే పట్టుకు కూర్చున్నాను. చివరికి రెండు మెషీన్ల దగ్గరికి వెళ్లి ఆ ఫైలు చదివితే రెండింట్లోనూ ఒకటే మాట: ‘టు బి ఫిల్డ్ బై ఓ.ఈ.ఎం.’ మెషీన్ బిగించినవాళ్లు నింపాల్సిన ఖాళీ అది, ఎవరూ నింపలేదు. అలాంటి మెషీన్లన్నీ ఒకే వరసలో ఒకదాని మీద ఒకటి రాసుకుపోయాయి.

పోనీ ఒక్కో మెషీన్‌కి వేరుగా ఉండాల్సిన గుర్తింపు సంఖ్య యూయూఐడీ వాడదామా అంటే, అసెంబుల్డ్ బోర్డుల్లో అదీ నమ్మకం కాదు. 03000200-0400-0500-0006-000700080009 అన్నది కనిపిస్తే అది ఎవరూ మార్చని డిఫాల్ట్ అని గుర్తుపెట్టుకోండి. నేను చివరికి బోర్డు మీదున్న నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్‌ని (ఆ కార్డు గుర్తింపు సంఖ్యని) కీగా తీసుకున్నాను. అది /సిస్/క్లాస్/నెట్ కింద దొరుకుతుంది, దానికీ రూట్ అక్కర్లేదు. యూఎస్‌బీ డాంగిల్ అడ్రస్ మాత్రం తీసుకోకండి, అది రేపు ఇంకో మెషీన్‌కి వెళ్లిపోతుంది.

ఇక సీరియల్ నంబర్లు, యూయూఐడీ ఉన్న ఫైళ్లను రూట్ మాత్రమే చదవగలదు. అందరికీ తెరిచి ఉంచితే ఏ ప్రోగ్రామైనా మీ మెషీన్‌ని గుర్తుపట్టి వెంటాడవచ్చు. ఆ జాగ్రత్త సబబే అని నా అభిప్రాయం. సీహెచ్‌మోడ్‌తో పర్మిషన్ మార్చినా మళ్లీ బూట్ చేయగానే మొదటికొస్తుంది. మీ అడ్మిన్‌ని అడిగి, బూట్ సమయంలో ఒక్కసారి నడిచే చిన్న సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) సర్వీస్ పెట్టించుకోండి. అది సీరియల్ నంబర్‌ని /రన్ కింద ఒక ఫైల్లోకి కాపీ చేస్తే, మీ స్క్రిప్ట్ దాన్ని చదువుకుంటుంది. మేమూ అలాగే చేశాం.

ర్యామ్ వివరాలు ఐడీ డైరెక్టరీలో ఉండవు. మొత్తం టేబుల్ 2015లో వచ్చిన కెర్నల్ 4.2 నుంచి /సిస్/ఫర్మ్‌వేర్/డీఎంఐ/టేబుల్స్‌లో ఉంటోంది, అదీ రూట్‌కే. ఈ మధ్య డీఎంఐడీకోడ్ చదివేది దాన్నే.

మీ దగ్గర రాస్‌బెర్రీ పై బోర్డులు (చిన్న కంప్యూటర్లు) కూడా ఉంటే, వాటిలో ఈ డీఎంఐ డైరెక్టరీ కోసం వెతక్కండి. /ప్రాక్/డివైస్-ట్రీలో మోడల్, సీరియల్-నంబర్ ఫైళ్లు చూడండి. అక్కడ సీరియల్ నంబర్ కూడా రూట్ లేకుండానే వస్తుంది. కాకపోతే ఆ మాటల చివర కంటికి కనిపించని సున్నా బైట్ ఒకటి ఉంటుంది. దాన్ని టీఆర్ కమాండ్‌తో తీసేయకపోతే, స్క్రిప్ట్ నడిపే బాష్ వార్నింగ్ ఇస్తుంది.

ఇంకొక్కటి. అదే /సిస్/ఫర్మ్‌వేర్ కింద, యూఈఎఫ్ఐ మెషీన్లలో, ఈఎఫ్ఐవార్స్ (ఫర్మ్‌వేర్ దాచుకునే సెట్టింగులు) కనిపిస్తుంది. రూట్ దొరికినా అందులో ఏదీ చెరపకండి. అక్కడి ఫైళ్లు చెరిపితే కొన్ని ల్యాప్‌టాప్‌లు అసలు ఆన్ కాకుండా పోయాయి. అందుకే 2016లో కెర్నల్ 4.5 నుంచి వాటిలో చాలావాటిని తేలిగ్గా చెరపడానికి వీల్లేకుండా చేశారు.