టపాలో పంపిన బొమ్మ తిరిగి రాదా?

ప్రశ్న: మాది పొందూరు. పోస్టుకార్డుల మీద బొమ్మలు వేస్తుంటాను. చిత్రకారులు టపాలో బొమ్మలు పంపుకుంటారనీ, దాన్ని మెయిల్ ఆర్ట్ అంటారనీ విన్నాను. ఒక విదేశీ ప్రదర్శనకు పంపాలని ఉంది. కానీ పంపినవి తిరిగి ఇవ్వరట. పైగా తపాలా ముద్ర పడి బొమ్మ పాడవుతుందేమోనని బెంగ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పంపండమ్మా. తిరిగి రాదన్నది నిజమే. ఇందులో ఎంపిక సంఘం ఉండదు, ప్రవేశ రుసుము ఉండదు, వచ్చిన ప్రతి బొమ్మనూ ప్రదర్శిస్తారు, పాల్గొన్నవారందరి జాబితా మీకు పంపుతారు. ఆనవాయితీ అదీ. ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం పంపకండి.

ఇక ముద్ర సంగతి. నాకు వచ్చిన కార్డుల్లో నేను ముందు చూసేది దాన్నే. ఆన్ కవారా అనే జపాను చిత్రకారుడు 1968 నుంచి 1979 వరకు తాను నిద్ర లేచిన సమయాన్ని రబ్బరు స్టాంపుతో పిక్చర్ పోస్టుకార్డుల మీద ముద్రించి మిత్రులకు పంపేవాడు. ఆ మాటకు తేదీతో, ఊరి పేరుతో సాక్ష్యం పలికేది తపాలా ముద్రే. మీ బొమ్మ మీద కూడా పొందూరు ముద్ర పడనివ్వండి, దానికోసం కాస్త చోటు వదిలి వేయండి.

అమెరికాలో రే జాన్సన్ అనే చిత్రకారుడు తన బొమ్మలు పంపి, ‘దీనికి ఏదైనా చేర్చి ఫలానా వారికి పంపండి’ అని రాసేవాడు. అలా అల్లుకున్న బృందానికి 1962లో న్యూయార్క్ కరెస్పాండెన్స్ స్కూల్ అని పేరు పడింది. బొమ్మ ఎవరిది అనే పట్టుదల అక్కడే సడలిపోయింది. నాకు ఈ కళ మీద మమకారం కలిగింది అందుకే. ఇదేదో కాలక్షేపమని కొట్టిపారేసేవారికి ఒక మాట: ఉరుగ్వేలో సైనిక పాలకులు 1977లో క్లెమెంటే పాదిన్ అనే కవిని ఈ టపా కళ కారణంగానే జైల్లో పెట్టారు.

ఏం వేయాలని మీరు అడగలేదు గానీ, చెప్పకుండా ఉండలేను. మీ ఊళ్లో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని నూలు తీస్తారు కదా, ఆ దవడను వేయండి. ఖద్దరు ముక్క అతికించాలనుకుంటే మాత్రం కవరులో పెట్టండి. కార్డు మీదైతే దారిలో ఊడిపోతుంది. నీటికి చెదరని సిరా వాడండి. విదేశాలకు ఎంత స్టాంపు అంటించాలో పోస్టాఫీసులో తూకం వేయించి అడగండి.

ముందుగా ఒక కార్డు సగం వేసి, నా పేరున ఈ పత్రిక చిరునామాకు పంపండి. విజయనగరంలో నేను కొంత చేర్చి, బొబ్బిలిలో ఉన్న చిత్రకార మిత్రుడికి పంపుతాను. ఆయన పూర్తిచేసి మీకు పోస్టు చేస్తారు.