పంట పరాయిది, పురుగు మనదే

ప్రశ్న: శెనక్కాయ బయటి దేశం నుంచి వచ్చిన పంట అంటారు. మరి ఎర్ర గొంగళి పురుగు కూడా దాంతోపాటే వచ్చిందా? ఎంత మందు కొట్టినా చావడం లేదు.
– ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: రాలేదు. వేరుశనగ దక్షిణ అమెరికాది, పురుగు మాత్రం మన నేలదే. జిల్లేడు, ఆముదం, అలసంద, గట్టు మీది కలుపు, ఏది దొరికితే అది తినే రకం. దానికి కొత్త మొక్క రుచి మరగడం ఏపాటి పని! పైగా వాన కలిసొచ్చింది. నెలల తరబడి మట్టిలో కోశస్థ దశలో (గొంగళికీ రెక్కల పురుగుకూ మధ్య కదలకుండా పడి ఉండే దశ) ఉండి, తొలకరి గట్టిగా పడ్డాక రెక్కల పురుగై పైకొస్తుంది. మీరు విత్తేదీ ఆ పదునుకే. గుడ్లు పగిలేసరికి కనుచూపు మేర లేత పైరు సిద్ధం.

మందు పనిచేయనిది ఆలస్యం వల్ల. పిల్ల పురుగులు గుంపుగా ఆకు అడుగున చేరి పచ్చదనం గీకి తింటాయి, ఆకు తెల్లటి పొరలా మిగులుతుంది. క్వినాల్‌ఫాస్ 25 ఇ.సి. లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున అప్పుడే కొట్టాలి. ఒళ్లంతా వెంట్రుకలు వచ్చాక మందు చర్మానికి సరిగా అంటదు. అంగట్లో ఇంకో డబ్బా మార్చి ఇచ్చినా అంతే.

అంతకన్నా ముందు, వాన పడిన రాత్రి నుంచి 3, 4 రోజులు, రాత్రి 7 నుంచి 11 గంటల దాకా గట్ల మీద మంటలు వేయండి. రెక్కల పురుగులు వెలుగుకు వచ్చి పడతాయి. ఊరంతా కలిసి వేయకపోతే పక్క చేలో పుట్టినవి మీ చేలోకి నడిచొస్తాయి. వాటిని ఆపడానికి చేను చుట్టూ 30 సెం.మీ. లోతు, 25 సెం.మీ. వెడల్పున కాలువ తీయండి. గోడలు నిట్టనిలువుగా ఉండాలి, ఏటవాలుగా ఉంటే పాకి ఎక్కేస్తాయి. అందులో జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు పరిస్తే వాటి కింద చేరతాయి. పొద్దున్నే ఏరి చంపండి. వేసవిలో లోతుగా దున్నితే కోశాలు పైకి తేలి ఎండకూ పక్షులకూ పోతాయి. కానీ నాగలి పోని గట్ల వెంట, చెట్ల నీడలో మిగిలేవి ఎక్కువ. అక్కడ పారతో తవ్వక తప్పదు.

ప్రశ్న: చీనీ (బత్తాయి) అంట్ల చిగుళ్ల మీద పిట్ట రెట్టలాంటి పురుగులు. ఏమిటివి?
– ఒక పాఠకురాలు, పులివెందుల

జవాబు: నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. మారేడు, వెలగ ఆకులూ వీటి తిండే. చీనీ కూడా ఆ కుటుంబపు చెట్టే కాబట్టి పరాయిదైనా వీటికి కొత్తేమీ కాదు. పెద్దయ్యాక పచ్చగా మారతాయి, ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు చాపి ఘాటు వాసన వదులుతాయి. కుట్టవు. కాపుకొచ్చిన చెట్టుకు నష్టం పెద్దగా ఉండదు. నర్సరీలో, ఏడాది రెండేళ్ల మొక్కల్లో మాత్రం కొత్త చిగురు వచ్చినప్పుడల్లా చూసి చేత్తో ఏరేయండి.