హోమ్ థియేటర్‌కి ఏ స్పీకర్ వైరు తీసుకోవాలి? నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కొత్త ఫ్లాట్ హాల్లో 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) పెట్టుకుంటున్నారు. స్పీకర్లు 6 ఓమ్‌లు, వెనక వాటికి వైరు 15 మీటర్ల దాకా పడుతుంది. ఎలక్ట్రీషియన్ మామూలు రాగి వైరు లాగేస్తానంటున్నాడు. షోరూమ్ వాళ్లేమో వెండి పూత వేసిన ఆక్సిజన్ ఫ్రీ (ఆక్సిజన్ దాదాపు లేకుండా శుద్ధి చేసిన రాగి) కేబుల్ వేయకపోతే సౌండ్ పాడవుతుందంటున్నారు.

ఎలక్ట్రీషియన్ మాటే వినండి. కాకపోతే ఆయన తెచ్చే వైరు ఏ సైజో, అది నిజంగా రాగేనా కాదా, దగ్గరుండి చూసుకోండి.

ముందు లావు సంగతి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే సన్న ట్విన్ వైర్ల మీద 23/76, 40/76 అని ఉంటుంది. మొదటి అంకె పోగుల లెక్క, రెండోది ఒక్కో పోగు మందం, అంటే అంగుళంలో 0.0076 వంతు. 23/76 అంటే సుమారు 0.67 చదరపు మిల్లీమీటర్లు. మీ 15 మీటర్లకు కరెంటు పోయి రావాలి కాబట్టి 30 మీటర్ల రాగి లెక్కేయాలి. ఆ సన్న వైరుతో రెసిస్టెన్స్, అంటే కరెంటుకు వైరు చూపే అడ్డు, దాదాపు 0.8 ఓమ్ వస్తుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరుతో 0.4, రెండున్నరతో 0.24. వైరు రెసిస్టెన్స్ స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం దాటకూడదని చాలామంది పాటించే లెక్క. మీ 6 ఓమ్‌లకు అది 0.3. కాబట్టి వెనకకు రెండున్నర వేయించండి. ముందు స్పీకర్లకు మూడు నాలుగు మీటర్లే కదా, ఒకటిన్నర ధారాళంగా సరిపోతుంది.

సన్న వైరు వేస్తే సౌండ్ కాస్త తగ్గుతుంది, అంతేగా, వాల్యూమ్ పెంచుకుంటే పోలా అనుకోవచ్చు. అంతటితో పోదు. 6 ఓమ్‌ల స్పీకర్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా 6 ఓమ్‌లే ఉండదు. ఒకచోట 4కి దిగుతుంది, ఇంకోచోట 20కి ఎక్కుతుంది. మధ్యలో 0.8 ఓమ్‌ల వైరు ఉంటే 4 దగ్గర సుమారు 1.6 డెసిబెల్స్ పోతాయి, 20 దగ్గర 0.3 మాత్రమే. అంటే స్పీకర్ టోనే కొంచెం మారిపోతుంది. వైరు వల్ల సౌండ్ మారుతుందనే మాటలో చెవికి నిజంగా అందేది చాలావరకు ఇదే.

ఇక మెటీరియల్. నేను వెనక స్పీకర్లకు వైరు కొన్నప్పుడు కవరు మీద ‘ప్యూర్ కాపర్’ అని పెద్దక్షరాల్లో ఉంది. కాయిల్ చేతికి తీసుకుంటే మాత్రం ఆ సైజుకు ఉండాల్సిన బరువు లేదు. ఇంటికొచ్చి ఒక పోగు విడదీసి బ్లేడుతో గీకితే ఎర్రటి పొర లేచిపోయి లోపల తెల్లటి అల్యూమినియం బయటపడింది. దీన్నే సీసీఏ అంటారు, అల్యూమినియం మీద రాగి పొర. కరెంటును రాగిలో సుమారు మూడింట రెండు వంతులే మోస్తుంది. రెండున్నర అని కొన్నది ఒకటిన్నర రాగి వైరుతో సమానమన్నమాట. పైగా టెర్మినల్ దగ్గర రెండు మూడుసార్లు వంచితే పోగులు పుటుక్కున తెగుతాయి. షాపులోనే ఒక పోగు గీకి చూడండి. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటే మాత్రం కంగారు పడకండి, అది తగరం పూత వేసిన రాగి, మంచిదే.

ఆక్సిజన్ ఫ్రీ రాగికీ మామూలు కరెంటు రాగికీ విద్యుత్ వాహకతలో తేడా ఒక్క శాతం లోపే. వెండి రాగికంటే 6 శాతం మెరుగు. ఆ 6 శాతం కావాలంటే రాగే ఇంకొంచెం లావుది కొంటే వచ్చేస్తుంది. వెండి పూత వల్ల ట్రెబుల్ మెరుస్తుందని చెప్పేవాళ్లు స్కిన్ ఎఫెక్ట్ పేరెత్తుతారు, అంటే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కరెంటు తీగ పైపొరకే పరిమితమవడం. 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా రాగిలో స్కిన్ డెప్త్, అంటే కరెంటు నడిచే ఆ పైపొర లోతు, దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. ఇంటి స్పీకర్ వైర్లలో దాన్ని పట్టించుకోవాల్సిన పని లేదు.

కేబుల్‌లో తీగల అల్లిక వల్ల తేడా వస్తుందనే మాట మాత్రం పూర్తిగా కట్టుకథ కాదు. రెండు తీగలు దూరంగా పోతే ఇండక్టెన్స్ (మారే కరెంటుకు తీగ చూపే అడ్డు) పెరుగుతుంది, జడలా దగ్గరగా అల్లితే అది తగ్గి కెపాసిటెన్స్ (రెండు తీగల మధ్య చార్జ్ నిలిచే గుణం) పెరుగుతుంది. కెపాసిటెన్స్ మరీ ఎక్కువైతే కొన్ని యాంప్లిఫయర్లు తట్టుకోలేవు. ఇంగ్లండ్‌కు చెందిన నైమ్ కంపెనీ తన యాంప్లిఫయర్లకు స్పీకర్ కేబుల్ కనీసం 3.5 మీటర్లు ఉండాలని చెప్పేది ఇలాంటి కారణంతోనే. మామూలు ఏవీఆర్‌కు (హోమ్ థియేటర్ స్పీకర్లను నడిపే రిసీవర్), పక్కపక్కనే సాగే రెండు తీగల వైరుకు ఈ బెడద లేదు.

మా బావమరిదికి కేబుళ్ల పిచ్చి. తన వెండి పూత కేబుల్ తెచ్చాడు. ఒకే లావు రాగి వైరు పక్కన పెట్టి, వాల్యూమ్ కదపకుండా, ఏది తగిలించామో అతనికి కనపడకుండా మార్చి మార్చి వినిపించాం. కళ్లతో చూస్తూ విన్నంతసేపూ ‘గొంతు ఎంత క్లియర్‌గా ఉందో చూడు బావా’ అన్నవాడు, కనపడకుండా పెట్టేసరికి ఊహించి చెప్పడం మొదలుపెట్టాడు. కొన్ని కలిశాయి, కొన్ని కలవలేదు. కేబుల్ మాత్రం ఇప్పటికీ వాడుతున్నాడు, అది ఆయన ఇష్టం.

డబ్బు కాదు గానీ శ్రద్ధ పెట్టాల్సిన చోటు వైరు చివర్లు. విశాఖలో మా అన్నయ్య ఇంట్లో ఎడమ స్పీకర్ అప్పుడప్పుడు గరగరమని, ఒక్కోసారి మూగబోయేది. వైరు ఊడదీస్తే రాగి చివర పచ్చగా చిలుము పట్టి ఉంది, సముద్రపు గాలి మరి. అంగుళం మేర కోసేసి, కొత్తగా ఒలిచి, పోగులు గట్టిగా మెలేసి బిగించాం, సరిపోయింది. ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌కు తగలకుండా చూడండి, తగిలితే యాంప్లిఫయర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది, లేదా పాడవుతుంది. వైరు చివర బనానా ప్లగ్‌లు (టెర్మినల్‌లో నేరుగా దూర్చే పిన్నులు) పెడితే ఈ టెన్షన్ ఉండదు.

గోడలో పైపు వేస్తున్నప్పుడు స్పీకర్ వైరును 230 వోల్టుల వైర్లతో కలిపి లాగనివ్వకండి, విడి పైపు వేయించండి. సొంత యాంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్‌కైతే ఈ వైరు పనికిరాదు. దానికి షీల్డ్ (బయటి రొదను ఆపే లోహపు తొడుగు) ఉన్న ఆర్‌సీఏ సిగ్నల్ కేబుల్ కావాలి, ప్లాస్టరింగ్‌కి ముందే దానికీ ఒక దారి వదలమని మేస్త్రీకి చెప్పండి.