టాంపా ఈబోర్ సిటీలో ఒక పూటలో ఎన్ని సిగార్ షాపులు తిరగొచ్చు?

అడిగినవారు ఫ్లోరిడా వస్తున్నారట. టాంపాలో ఈబోర్ సిటీ అనే పాత సిగార్ల పేట ఉందని విన్నారు. ఒక పూటలో ఎన్ని షాపులు చూడొచ్చు, మంచి సిగార్ ఎక్కడ కొనాలి అని ప్రశ్న.

ఎన్ని షాపులన్న లెక్క వదిలేయండి. ఒక్క షాపులో, సిగార్ చుట్టే మనిషి బల్ల దగ్గర, గంటసేపు కూర్చోండి. అంతకంటే ముందు ఫ్యాక్టరీ చూడండి. అక్కడి పెద్ద వీధి ఏడో అవెన్యూ. దాని ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపించిన ప్రతి షాపులోకి దూరి, ఫోటో దిగి బయటికొచ్చేవాళ్ళకి ఈబోర్ సిటీ ఏమీ అర్థం కాదు. మేము టాంపాకి ఉత్తరాన వెస్లీ చాపెల్‌లో ఉంటాం. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా, ఆర్లాండోలో డిస్నీ చూపించే పని మా ఆయనది, ఈబోర్ చూపించే పని నాది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నేను పొగ తాగను. ఎవరినీ తాగమని కూడా చెప్పను. మాది విజయనగరం వైపు. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకునేది. మా వైపు ఆ కాలపు ఆడవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే అది. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని విశాఖపట్నం డాక్టర్లు దశాబ్దాల కిందటే రాశారు. కాబట్టి పొగాకు మీద నాకు భ్రమలేమీ లేవు. అయినా ఈబోర్ అంటే నాకు ప్రాణం. అక్కడ పనిచేసిన మనుషుల గురించి తెలిస్తే మీకూ అంతే అనిపిస్తుంది.

ఆ పేట పుట్టుక క్లుప్తంగా చెప్తాను. విసెంతే మార్తీనెజ్ ఈబోర్ స్పెయిన్‌లో పుట్టి, క్యూబాలో సిగార్ల వ్యాపారం చేసి, అక్కడి తిరుగుబాటుదారులను సమర్థించినందుకు 1869లో పారిపోయి ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న కీ వెస్ట్ దీవి చేరాడు. అక్కడా సమ్మెలతో పొసగక 1885లో టాంపా పక్కన అడవి భూమి కొన్నాడు. అప్పుడే టాంపాకి రైలు వచ్చింది. ఓడరేవు ఉంది, హవానా నుంచి ఆకు దించుకోవడం తేలిక. గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఆకు పెళుసెక్కి విరగదు. 1886లో సిగార్లు బయటికొచ్చాయి. క్యూబా వాళ్ళు, స్పెయిన్ వాళ్ళు, సిసిలీ నుంచి ఇటలీ వాళ్ళు వేలల్లో వచ్చిపడ్డారు. 1929 నాటికి టాంపాలో ఏడాదికి దాదాపు 50 కోట్ల సిగార్లు తయారయ్యేవి.

ఇక షాపు సంగతికి వస్తాను. మా మామయ్యగారిది రాజమండ్రికి ఎగువన గోదావరి లంక. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం లంక పొగాకు పండించారు. ఆయన వచ్చినప్పుడు ఒక శనివారం పొద్దున్నే ఏడో అవెన్యూలో ఒక షాపుకి తీసుకెళ్ళాను. కిటికీ దగ్గర బల్ల ముందు ఒక క్యూబా పెద్దాయన కూర్చుని సిగార్లు చుడుతున్నాడు. ఇలాంటి పనివాణ్ణి అక్కడ తబాకేరో అంటారు. మామయ్యగారు పలకరింపులేమీ లేకుండా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

లోపల నింపే ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైన చుట్టే ఆకు, మూడూ వేరు. పెద్దాయన లోపలి ఆకులను ఒక్కొక్కటిగా పొడవునా మడిచి గుప్పిట్లో పేర్చుకున్నాడు. "మడతల మధ్య గాలి పోవడానికి సందు వదులుతున్నాడు చూడు. పిండి చుడితే పీల్చినా పొగ రాదు" అన్నారు మామయ్యగారు. పేర్చిన కట్టని రెండో ఆకులో చుట్టి చెక్క అచ్చులో పెట్టి బిగించాడు. కాసేపాగి తీసి, పై ఆకుని బల్ల మీద పరిచి, చవేతా అనే పిడిలేని వంపు కత్తితో అంచులు కోసి, ఏటవాలుగా చుట్టుకుంటూ పోయాడు. కొసకి వచ్చాక చిన్న ఆకుముక్కని గుండ్రంగా కోసి జిగురుతో టోపీలా అతికించాడు.

"దారం ఏదమ్మా?" అన్నారు మామయ్యగారు. వాళ్ళ ఊళ్ళో చుట్టకి దారం కడతారు. దారం లేకుండా ఆ చిన్న ముక్కే పట్టి ఉంచుతుందంటే ఆయన నమ్మలేదు. పెద్దాయన అప్పుడే అయిన సిగార్ ఆయన చేతికిచ్చాడు. అటూ ఇటూ నొక్కి చూసి, వెనక్కిచ్చి, పక్కనున్న ఆకుల కట్ట వైపు చెయ్యి చూపించారు. పెద్దాయన ఒక ఆకు ఇచ్చాడు. మామయ్యగారు దాన్ని బొటనవేలితో నలిపి, వాసన చూసి, చిన్న తునక నాలిక మీద వేసుకున్నారు.

"మండె బాగా వేశారు. ఆకు మాగింది. ఘాటు మాత్రం లేదు. మన ఆకు ముందు ఇది చప్పన."

మండె అంటే ఆకుని కుప్పవేసి మాగబెట్టడం. షాపులో పనిచేసే కుర్రాడికి స్పానిష్, ఇంగ్లీషు రెండూ వచ్చు. నేను ఇంగ్లీషులో చెప్తే వాడు స్పానిష్‌లో చెప్పాడు. పెద్దాయనకి కోపం రాలేదు. ఇంకో కట్టలోంచి ముదురు రంగు ఆకు ఒకటి లాగి "లిహేరో" అన్నాడు. అది మొక్కకి పైన ఉండే ఆకట, ఎండ ఎక్కువ తగులుతుంది కాబట్టి ఘాటెక్కువట. కుర్రాడు ఇంగ్లీషులో చెప్పడం పూర్తికాకముందే మామయ్యగారు "పై ఆకు. తెలుస్తూనే ఉంది. అడుగు ఆకులో ఏముంటుంది?" అన్నారు. తలలు తుంచడం, పిలకలు గిల్లడం, ఏ ఆకు ఎప్పుడు కోయాలి అన్నవి ఒకదాని తర్వాత ఒకటి అడిగారు. ఆ కుర్రాడికి ఆ పొద్దు వేరే పనేమీ లేకుండా చేశాం.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. "వీళ్ళకి కూలీ రోజుకా, చుట్టకా?" ఈబోర్ ఫ్యాక్టరీల రోజుల్లో చుట్ట లెక్కనే ఇచ్చేవారని చెప్పి, 1899 నాటి సమ్మె గురించి చెప్పాను. అప్పటిదాకా పనివాళ్ళు తమకి కావలసిన ఆకు తీసుకుని చుట్టేవాళ్ళు. ఆ ఏడాది యజమానులు కాటాలు తెచ్చి పెట్టారు. ఇంత బరువు ఆకు ఇస్తాం, ఇన్ని సిగార్లు లెక్క చూపించాలి అన్నారు. పనివాళ్ళు పని మానేసి వీధిలోకి వచ్చారు. మామయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆకు అమ్మేటప్పుడు వర్తకులు తేమ ఉందని కొంత, మట్టి ఉందని కొంత తరుగు తీసేసేవారని, కాటా తమ కళ్ళముందే ఉన్నా ముల్లు వాళ్ళు చెప్పిన చోటే ఆగేదని చెప్పారు.

"ఇక్కడివాళ్ళు గెలిచారా?"

"గెలిచారు మామయ్యగారూ. కాటాలు తీసేశారు."

"మేం ఒక్క ఏడూ గెలవలేదమ్మా" అన్నారు.

ఆ పెద్దాయన చుట్టిన సిగార్ ఒకటి కొని బయట కుర్చీలో కూర్చుని వెలిగించారు. సగంలో ఆర్పేసి, లిహేరో ఎక్కువేసింది ఇంకోటి అడిగి తెప్పించుకున్నారు. అది నచ్చింది. ఇలాంటి ఒక పొద్దు ముందు పది షాపుల చక్కర్లు ఏపాటివి?

మంచి సిగార్ ఎక్కడ కొనాలని కదా మీరు అడిగారు. ఏడో అవెన్యూలోని కింగ్ కరోనా, టబనేరో అందరికీ తెలిసినవే. ఎల్ సోల్ 1929 నుంచి ఉన్న షాపు. ఎక్కడికెళ్ళినా అక్కడే చుట్టినవి ఏవో అడిగి, వాటిలో ఒకటి రెండు కొనండి. చాలు. దయచేసి "క్యూబా సిగార్ ఉందా" అని అడగకండి. మనవాళ్ళలో ప్రతి ఒక్కరూ ఇదే అడుగుతారు. 1962 ఫిబ్రవరి నుంచి క్యూబా సరుకు అమెరికాలో అమ్మకూడదు. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టేముందు కెనెడీ తన ప్రెస్ సెక్రటరీని పంపి 1,200 క్యూబా సిగార్లు తెప్పించుకున్నారని ఆ సెక్రటరీయే తర్వాత చెప్పాడు. అధ్యక్షుడికి ఆయన వాటా దొరికింది. హవానా ఆకు మీదే బతికిన ఈబోర్ పనివాళ్ళకి మాత్రం ఉన్న కాస్త పనీ పోయింది. ఇప్పుడు షాపుల్లో వాడేది నికరాగ్వా, డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్, ఈక్వడార్ ఆకు. అది తక్కువదేమీ కాదు. ఇండియాలో పంచడానికని పెట్టెలు పెట్టెలు కొని సూట్‌కేసులో పడేసేవాళ్ళకి ఇంకో మాట. సిగార్‌కి 70 శాతం దాకా తేమ కావాలి. అలా వదిలేస్తే మీరు ఊరు చేరి, చుట్టాలందరినీ కలిసి, ఆ పెట్టె తీసేసరికి పై ఆకు పగిలిపోయి ఉంటుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. షాపుల వాళ్ళు ఆకు గురించి చెప్తారు, లెక్తోర్, అంటే పనివాళ్ళకి చదివి వినిపించే మనిషి గురించి ఎవరో గాని చెప్పరు. ఈబోర్ ఫ్యాక్టరీల్లో వందల మంది వరసగా బల్లల ముందు కూర్చుని సిగార్లు చుట్టేవాళ్ళు. హాల్లో ఒక ఎత్తైన వేదిక ఉండేది. దాని మీద లెక్తోర్ కూర్చుని, మైకులు లేని కాలంలో, అందరికీ వినపడేలా చదివేవాడు. పొద్దున పేపర్లు, మధ్యాహ్నం నవలలు. సెర్వాంటెస్, విక్టర్ హ్యూగో, జోలా. అతనికి జీతం ఇచ్చింది యజమాని కాదు. పనివాళ్ళే వారంవారం తమ కూలీలోంచి తలా కొంత వేసుకుని ఇచ్చేవారు. ఎవరిని పెట్టుకోవాలో గొంతు విని వాళ్ళే ఎంచుకునేవారు, ఏ నవల చదవాలో వాళ్ళే ఓటు వేసేవారు. అక్షరం రానివాడు కూడా హ్యూగో పాత్రల గురించి రాత్రి అరుగు మీద వాదించుకోగలిగాడు. నా ఉద్దేశంలో ఆనాటి అమెరికాలో ఇంత చదువున్న కూలీలు ఇంకెక్కడా లేరు. పెద్ద చదువులు చదివి, పెద్ద ఉద్యోగాలు చేస్తూ, ఏడాదికి ఒక్క పుస్తకం కూడా తెరవని మనవాళ్ళు ఎందరో నాకు తెలుసు. చేత్తో పనిచేసేవాళ్ళని చూసి "చదువుకోలేదు కాబట్టి ఇలా ఉన్నారు" అనేది కూడా వాళ్ళే. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

క్యూబా ఉద్యమ నాయకుడు హోసే మార్తీ స్వాతంత్ర్యం కోసం చందాలు అడగడానికి వచ్చినప్పుడు ఈ పనివాళ్ళే తమ కూలీలోంచి తీసి ఇచ్చారు. 1893లో ఆయన ఈబోర్ ఫ్యాక్టరీ ఇనుప మెట్ల మీద నిలబడి మాట్లాడాడు. ఆ ఎర్ర ఇటుకల భవనం ఇప్పటికీ ఉంది, ప్రస్తుతం అది సైంటాలజీ అనే మతసంస్థ వాళ్ళ చర్చి. పేపర్లు విని, లోకం తెలిసి, హక్కులడిగే కూలీ ఏ యజమానికి నచ్చుతాడు? 1931 నవంబరులో ఫ్యాక్టరీల యజమానులు లెక్తోర్లను తీసేశారు. పనివాళ్ళు పని ఆపి బయటికి వచ్చారు. యజమానులు తలుపులు మూశారు. డిసెంబరులో పనివాళ్ళు లెక్తోర్ లేకుండానే లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. వేదికలు పోయాయి, రేడియోలు వచ్చాయి. సిగరెట్లు, యంత్రాలు, ఆర్థిక మాంద్యం కలిసి ఈబోర్‌ని దెబ్బతీశాయని అందరూ అంటారు. అవన్నీ నిజమే. కానీ ఈబోర్ ఈబోర్‌గా ఉండటం ఆగిపోయింది మాత్రం లెక్తోర్ గొంతు ఆగిన రోజే. ఈ విషయంలో ఎవరు ఏమన్నా నేను మారను.

అందుకే ముందు ఫ్యాక్టరీ చూడమన్నాను. టాంపాలో ఇంకా నడుస్తున్న పాత పెద్ద సిగార్ ఫ్యాక్టరీ ఒక్కటే మిగిలింది, జె.సి. న్యూమన్. 1910లో కట్టిన భవనం, గడియారం బురుజు ఉంటుంది కాబట్టి ఎల్ రెలోహ్ అంటారు. లోపల మ్యూజియం ఉంది. 1930ల నాటి యంత్రాల మీద పనివాళ్ళు ఇప్పటికీ సిగార్లు చేస్తుంటారు. టూర్ ముందే బుక్ చేసుకోండి.

రాత్రిపూట మాత్రం వెళ్ళకండి. వారాంతంలో చీకటి పడిందంటే ఏడో అవెన్యూ అంతా బార్లు, సంగీతం హోరు. పార్కింగ్ దొరకదు, టెన్షన్ తప్ప ఇంకేమీ ఉండదు. పొద్దున డౌన్‌టౌన్‌లో కారు పెట్టి స్ట్రీట్‌కార్ (వీధి ట్రాము) ఎక్కండి, టికెట్ కొనక్కర్లేదు. వీధుల్లో కోళ్ళు, పుంజులు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. వాటిని పట్టకూడదు, తరమకూడదు. ఆకలేస్తే లా సెగుందా బేకరీ 1915 నుంచి క్యూబన్ బ్రెడ్ చేస్తోంది. కాల్చేముందు పిండి మీద పొడవునా ఒక తాటి జాతి ఆకు పెడతారు, పైన చీలిక అక్కడే వస్తుంది. ఇక్కడి క్యూబన్ శాండ్‌విచ్‌లో సలామీ ఉంటుంది, అది ఇటలీ వాళ్ళ చలవ. శాకాహారులైతే బ్రెడ్డు, వెన్న, కాఫీతో సరిపెట్టుకోవచ్చు.

పిల్లలు వెంట ఉంటే ఇంకో మాట. 21 ఏళ్ళు నిండనివాళ్ళకి పొగాకు అమ్మరు, పొగ నిండిన షాపులో పిల్లల్ని కూర్చోబెట్టడం ఎలాగూ మంచిది కాదు. ఇద్దరిలో ఒకరు షాపులో ఉంటే రెండోవారు పిల్లల్ని ఈబోర్ సిటీ మ్యూజియం స్టేట్ పార్క్‌కి తీసుకెళ్ళండి. అది పాత ఫెర్లిటా బేకరీ భవనంలో ఉంది. పక్కనే కసీతాలు అని సిగార్ పనివాళ్ళు కాపురమున్న చిన్న చెక్క ఇళ్ళు ఉంటాయి. ముందు అవి చూపించి, లెక్తోర్ కథ అక్కడే చెప్పండి.