రిఫార్మర్ లెక్కకు కూర్చునే ముందు

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. హైడ్రోజన్ యూనిట్‌లో రిఫార్మర్ (మీథేన్, ఆవిరితో హైడ్రోజన్ తయారుచేసే ఫర్నేస్) ఆప్టిమైజేషన్ నీకు అప్పగించారనీ, జెనెటిక్ అల్గారిథంతో, అంటే పరిష్కారాలను తరతరాలుగా పోటీపెట్టి మేలైనవి ఏరే పద్ధతితో, చేద్దామనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! ముప్పై ఏళ్లు ఆ ఫర్నేస్ చుట్టూ తిరిగినవాణ్ని. నాకు తెలిసింది నీకు చెప్పకుండా ఉండలేను.

కోడ్ తర్వాత రాయొచ్చు తల్లీ. ముందు షిఫ్ట్ వాళ్లతో ఫర్నేస్ దగ్గరికి వెళ్లు. డ్రాఫ్ట్ (ఫర్నేస్ గాలిని లోపలికి లాగడం) బాగుందో లేదో కనుక్కుని, ఫేస్ షీల్డ్ పెట్టుకుని, పక్కకి నిలబడి పీప్‌హోల్ (లోపలికి చూసే కంత) మూత తియ్యి. పది పన్నెండు మీటర్ల ట్యూబులు వరసగా కనిపిస్తాయి. అన్నీ ఒకే రంగులో ఉండవు. ఒకటి ముదురు ఎరుపు, పక్కది నారింజ, ఇంకోదాని మీద పులిచారల్లా పట్టీలు. ఆ ట్యూబుల్లోపల మీథేన్, ఆవిరి కలిసి హైడ్రోజన్ అయ్యేటప్పుడు మోల్‌కి 206 కిలోజౌళ్ల వేడి తాగేస్తాయి. కేటలిస్ట్ (ఆ చర్యను వేగంగా జరిపించే పదార్థం) దెబ్బతిన్నచోట, కార్బన్ పట్టినచోట ఆ వేడి తాగే దిక్కుండదు, గొట్టమే కాలుతుంది. ఆ చారలు అవే. నీ మోడల్లో మాత్రం ట్యూబులన్నీ ఒక్కలాగే ఉంటాయి.

ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. ఆవిరి–కార్బన్ నిష్పత్తి 3 నుంచి కిందికి దించితే ఇంధనం మిగులుతుందని లెక్కలో తేలింది. గోడ ఉష్ణోగ్రతకి సగటు మీద హద్దు పెట్టాను, అన్నిటికన్నా వేడిగా ఉన్నచోటు మీద పెట్టలేదు. ఆవిరి తగ్గేసరికి కార్బన్ పట్టి, మూడు వారాలు తిరక్కుండానే చివరి వరసలో చారలొచ్చాయి. షిఫ్ట్ ఇన్‌చార్జి పైరోమీటర్ (దూరం నుంచే వేడి కొలిచే పరికరం) రీడింగులు రాసిన లాగ్‌బుక్ తెచ్చి, ఏమీ అనకుండా నా ముందు తెరిచి పెట్టాడు. ఆ పేజీ ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆ ట్యూబులు లక్ష గంటలు పనిచేయాలని డిజైన్ చేసినవి. గోడ 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఆయుష్షు ఇంచుమించు సగమైపోతుంది.

అల్గారిథం ఎప్పుడూ నువ్వు గీసిన హద్దు అంచునే వెళ్లి కూర్చుంటుంది. అందుకే ఎక్కువ శ్రమ ఆ హద్దుల మీద పెట్టు: గోడ గరిష్ఠ ఉష్ణోగ్రత, కార్బన్ పేరుకునే పరిస్థితి, ప్రెషర్ డ్రాప్ (ట్యూబు పొడవునా తగ్గే ఒత్తిడి). హద్దు దాటినందుకు వేసే పెనాల్టీ అంకెలతో కుస్తీ పట్టక్కర్లేదు. 2002లో దేబ్ బృందం ఐఐటీ కాన్పూర్ నుంచి ఇచ్చిన ఎన్‌ఎస్‌జీఏ-2 అనే జెనెటిక్ అల్గారిథంలో పద్ధతి తేలిక. హద్దులో ఉన్నది దాటినదాన్ని ఓడిస్తుంది, రెండూ దాటితే తక్కువ దాటినది నెగ్గుతుంది.

రసాయన చర్యల వేగాలకి 1989 నాటి శూ, ఫ్రోమెంట్ సమీకరణాలు వాడు. కానీ కేటలిస్ట్ చురుకుదనాన్ని మీ యూనిట్ డేటాతోనే సరిచూసుకో. దానికన్నా ముందు, లోపలికెళ్లిన కార్బన్, బయటికొచ్చిన కార్బన్ లెక్క కుదురుతోందా చూడు. కుదరకపోతే ఏదో మీటర్ తప్పు చూపిస్తోందన్నమాట.

హైడ్రోజన్‌నీ, అమ్ముకునే ఆవిరినీ కలిపి ఒకే అంకె చెయ్యకు. గ్యాస్ ధర మారగానే ఆ అంకె పనికిరాదు. 2001లోనే రాజేష్, గుప్తా, రంగయ్య, రే హైడ్రోజన్ ప్లాంటు మీద ఈ రెంటినీ విడిగా పెట్టి పరేటో గీత (ఒకటి పెరగాలంటే రెండోది తగ్గక తప్పని మేలైన బిందువుల గీత) తీశారు, అది చదువు. తరానికి వంద పరిష్కారాలతో రెండొందల తరాలంటే ఇరవై వేల సార్లు మోడల్ నడవాలి. ఒక్కోసారికి రెండు సెకన్లయినా పదకొండు గంటలు. రాత్రికి వదిలెయ్యి, సీడ్ (యాదృచ్ఛిక అంకెలు మొదలయ్యే సంఖ్య) మార్చి నాలుగైదుసార్లు నడుపు. గీత ప్రతిసారీ ఒకచోటికే రాకపోతే ఇంకా నమ్మకు.

గీత వచ్చాక మేనేజర్ కంటే ముందు షిఫ్ట్ ఇన్‌చార్జికి చూపించు. ఏ బిందువు దగ్గర నడపగలరో, ఏది రాత్రిపూట భయమో ఆయన వేలు పెట్టి చెప్తాడు.

దసరాకి వస్తున్నావుగా, ఆ గీత ప్రింటు తీసుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

పెదనాన్న